పేరు తీసేసిన ఉత్తరం

పోయిన వారం మా ఇద్దరి ఆరోగ్య బీమా రెన్యువలు నోటీసు వచ్చింది. మా వారు కళ్ళజోడు పెట్టుకుని అంకె చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. "ఇద్దరిలో పెద్దవాణ్ణి నేనే కదా, నా పేరు తీసేస్తే ఎంత తగ్గుతుందో చూడు" అన్నారు. వేళాకోళానికే అన్నారు. ముప్పై నాలుగేళ్ళు బీమా కంపెనీలో పనిచేసిన భార్య ఉన్నందుకు ఆ మాత్రం వేళాకోళం ఆడే హక్కు ఆయనకుంది. నేను మాత్రం లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. పాలు పొంగలేదు, కూర మాడలేదు. ఊరికే స్టవ్వు ముందు నిలబడ్డాను.

ఎందుకు నిలబడ్డానో ఇంతవరకూ ఆయనకు చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను. బీమా ఆఫీసుల్లో ఇప్పుడిప్పుడే కౌంటరు వెనక కూర్చుంటున్న పిల్లలు కొందరు నా రాతలు చదువుతారని విన్నాను. ఇది వాళ్ళ కోసం. ఇందులో నా గొప్పేమీ లేదని ముందే చెబుతున్నాను. చదివాక నా మీద ఉన్న గౌరవం కాస్త తగ్గినా నేనేమీ అనుకోను.

ఏలూరు బ్రాంచిలో చివరి పన్నెండేళ్ళూ నాది ఆరోగ్య బీమా సీటు. రిటైరైనవాళ్ళే ఎక్కువగా వచ్చేవారు. ఏటా ఒకే నెలలో, ఒకే చొక్కాలో, ఒకే ప్లాస్టిక్ సంచిలో కాగితాలు పెట్టుకుని వచ్చేవారు. ఏటా ప్రీమియం పెరిగేది, వాళ్ళ రాబడి మాత్రం పెరిగేది కాదు. "మేం ముసలివాళ్ళమవడం మా తప్పా అండీ?" అని ఒకాయన అడిగితే, "నా తప్పూ కాదండీ" అన్నాను. అదీ నా నోటి ధోరణి.

అయితే నాకో పేరుండేది. ప్రీమియం తగ్గించి పంపుతుందని. బీమా మొత్తం కొంచెం కుదించడం, మొదటి కొంత ఖర్చు మనమే పెట్టుకునే పద్ధతికి మార్చడం, ఇలాంటి దారులు నాలుగైదు నాకు కంఠతా వచ్చు. కౌంటరు దగ్గర నిలబడ్డవాళ్ళ మొహం దిగులుగా ఉంటే నాకు చిటికెలో ఏదో ఒకటి చేసి పంపాలనిపించేది. జాలి అని చెప్పుకునేదాన్ని. అందులో జాలి పావు వంతు ఉంటే, నా తెలివి నలుగురికీ చూపించుకోవాలన్న సరదా ముప్పావు వంతు ఉండేది.

నా పక్క సీటాయనది తాడేపల్లిగూడెం. రోజూ రైల్లో వచ్చి రైల్లో వెళ్ళేవాడు. వాళ్ళ తాతగారికి బజార్లో పాత ఇత్తడి సామాను కొనే కొట్టు ఉండేదట. ఎవరైనా బిందో గుండిగో తెచ్చి అమ్ముతానంటే, తాతగారు తక్కెడ ముట్టుకోకుండా ముందు "ఇంట్లో చెప్పారా అండీ?" అని అడిగేవాడట. చెప్పలేదంటే ఆ వేళకి సరుకు తిప్పి పంపేసేవాడట. ఆ కొట్టు ఎప్పుడో మూసేశారు కానీ అలవాటు మనవడికి వచ్చింది. పాలసీ రద్దు చేయమన్నా, నామినీ మార్చమన్నా, ఎవరొచ్చినా ఈయన మొదటి ప్రశ్న అదే. "మీ తాతగారు ఇత్తడి కొన్నారు, మీరు కాలయాపన అమ్ముతున్నారు" అని నేను ఏడిపించేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఇక అసలు మనిషి సంగతి. కైకలూరులో ఒక ఐసు ఫ్యాక్టరీకి ముప్పై ఏళ్ళు మేనేజరుగా చేసి దిగిపోయిన పెద్దాయన. కొల్లేరు చెరువుల చేపలు లారీకెక్కాలంటే ఆయన ఫ్యాక్టరీ దిమ్మలు పగలాల్సిందే. ప్రైవేటు ఉద్యోగం కాబట్టి పింఛను పేరుకే. కొన్నాళ్ళు ఆదాయపు పన్ను కట్టిన పాపానికి తెల్లకార్డు పోయింది, దానితో వచ్చే ఉచిత వైద్యమూ పోయింది. బ్యాంకులో వేసుకున్న డిపాజిట్టు, దాని వడ్డీ, మా కంపెనీ పాలసీ, అంతే వాళ్ళ బలగం. భార్యాభర్తలిద్దరికీ కలిపి ఒకటే పాలసీ, పంతొమ్మిదేళ్ళుగా ఒక్క రోజు కూడా గడువు దాటకుండా కట్టినది.

ఏటా డిసెంబరు రెండో వారంలో ఇద్దరూ కొల్లేరు మీదుగా బస్సులో వచ్చేవారు. ఆవిడ చర్చిలో ఆదివారం బడి పిల్లలకు పాఠాలు చెప్పేది. నా కోసం ఒక చిన్న సీసా రొయ్యల పచ్చడి, ఆఫీసుకంతటికీ క్రిస్మస్ కేకు ముక్కలు తెచ్చేది. ఆవిడకు బీపీ, మోకాళ్ళు, అప్పటికే గుండెకు ఒక స్టెంటు. ఆ స్టెంటు ఖర్చు మా పాలసీయే భరించింది. ఆయనకు మాత్రం తలనొప్పి వచ్చినట్టు కూడా మా రికార్డులో లేదు.

ఆ ఏడాది ఆయనకు డెబ్భై పడ్డాయి. మీకు తెలిసిందే, తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, ఇద్దరికీ కలిపి ఉండే పాలసీకి ధర కట్టేది ఇద్దరిలో పెద్దవారి వయసును బట్టి. ఆవిడ ఆయన కన్నా ఎనిమిదేళ్ళు చిన్న. ఆయన వయసు మెట్టు ఎక్కగానే ఇద్దరి ధరా మెట్టు ఎక్కింది. దానికి తోడు ఆ ఏడాది కంపెనీ మొత్తం ధరలు సవరించింది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఆ డిసెంబరులో ఆయన ఒక్కడే వచ్చాడు. పొద్దుట్నుంచి సర్వరు పనిచేయక, భోజనాల తర్వాత అప్పుడే ప్రాణం పోసుకుంది. కౌంటరు ముందు పాతికమంది ఉన్నారు. నా పక్క సీటాయన బంధువుల పెళ్ళికని సెలవు పెట్టాడు.

"అమ్మగారు రాలేదేమండీ?" అన్నాను.

"మోకాళ్ళమ్మా. బస్సెక్కలేనంది. పచ్చడి మాత్రం పంపింది." సీసా కౌంటరు మీద పెట్టి, నోటీసు తీశాడు. "ఇదేదో అచ్చు తప్పు పడినట్టుంది, చూడండి. మా ఇద్దరినీ కలిపి అమ్మినా ఇంత రాదు."

అచ్చు తప్పు కాదని చెప్పాను. ఆయన మొహం దిగిపోయింది. ఏడాది పింఛను మొత్తం పోసినా అందులో సగానికి రాదు. అలాంటి మొహం చూస్తే నాకేమవుతుందో చెప్పాను కదా. వేళ్ళు కీబోర్డు మీదికి వెళ్ళాయి.

"మీ వయసేనండీ ఖరీదు! ఇదిగో చూడండి, అమ్మగారి ఒక్కరి పేరు మీదే ఉంటే ఇందులో మూడో వంతు కూడా లేదు" అని ఒక చీటీ మీద అంకె రాసి ఆయన ముందుకు తోశాను. సలహాగా అనలేదు. ధర ఎలా కడతారో చూపించడానికన్నాను. ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నది అదే.

ఆయన చీటీని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయాడట. నేనే అంకె చదివాను.

"అంటే బరువంతా నాదేనన్నమాట" అన్నాడు.

"అయ్యో, నేనలా అనలేదండీ."

"ఉన్నమాటేనమ్మా. నన్ను తీసేస్తే, ఆవిడ స్టెంటూ గట్రా అన్నిటికీ ఇప్పుడున్నట్టే వర్తిస్తుందా?"

"వర్తిస్తుందండీ. పాత పాలసీయే కదా."

"అయితే తీసేయండి."

"మరి మీకేదైనా అయితే?"

"ముప్పై ఏళ్ళు ఐసులో పెట్టిన సరుకమ్మా నేను. అంత తొందరగా పాడవను."

క్యూలో ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన కౌంటరు మీదికి వంగి గొంతు తగ్గించాడు. "ఆవిడకు మాత్రం చెప్పకండమ్మా. తెలిస్తే ఉంటే ఇద్దరికీ ఉండాలంటుంది, లేకపోతే ఇద్దరికీ మానేయమంటుంది. నేనే వీలు చూసుకుని నెమ్మదిగా చెప్పుకుంటాను."

పేరు తీసేయాలంటే పాలసీదారు ఉత్తరం ఇవ్వాలి. పాలసీదారు ఆయనే కాబట్టి ఆయన సంతకం చాలు, భార్య సంతకం అక్కర్లేదు. కళ్ళజోడు లేదు కనుక ఉత్తరం నేనే రాశాను. ఆర్థిక కారణాల వల్ల నా పేరు తొలగించి నా భార్య పేరును మాత్రమే కొనసాగించవలసినదిగా కోరుచున్నాను అని. చివర మా ఆఫీసు నమూనాలో ఉండే వాక్యం కూడా రాశాను. "ఇకపై నా పేరు తిరిగి చేర్చుట వీలుకాదని నాకు తెలియును."

అప్పటి నిబంధన అది. అరవై ఐదు దాటిన మనిషి ఒకసారి బయటికి పోతే మళ్ళీ లోపలికి రాలేడు. ఇప్పుడు ఏ వయసువారినైనా చేర్చుకోవచ్చంటున్నారు, ఏ ధరకో మీకే తెలియాలి.

ఆ వాక్యం నేను ఆయనకు చదివి వినిపించలేదు.

వెనక జనం ఉన్నారు, సర్వరు మళ్ళీ ఎప్పుడు పడుకుంటుందో తెలియదు. ఇవి నిజమే. కానీ అసలు నిజం వేరే ఉంది. చదివితే ఆయన ఆగిపోతాడేమోనని నాకు లోపల తెలుసు. ఆగిపోతే ఇంటికెళ్ళి ఆలోచించుకుంటాడు, నేను చూపించిన చక్కటి దారి వీగిపోతుంది, ఆ మొహం మళ్ళీ దిగులుగా నా కౌంటరు ముందుకొస్తుంది. వేలు పెట్టి "ఇక్కడండీ" అన్నాను. ఆయన నా వేలి పక్కనే సంతకం చేశాడు. తగ్గిన ప్రీమియం కట్టి, "మా పాలిట దేవతమ్మా మీరు" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు భోజనాల దగ్గర ఈ కథంతా పక్క సీటాయనకు చెప్పాను. ఐసు జోకు కూడా చెప్పాను.

"ఇంట్లో చెప్పారా అని అడిగారా అండీ?" అన్నాడు.

"చెప్పొద్దన్నారు. పాపం కళ్ళజోడు కూడా తెచ్చుకోలేదు, నేనే రాసిచ్చాను."

ఆయన ముద్ద కలపడం ఆపాడు. "మళ్ళీ చేరే వీలుండదని ఆయనకు తెలుసా?"

"ఉత్తరంలో రాశాను కదా."

"రాశారు, సరే." గ్లాసు పక్కకు జరిపాడు. "పాత పాలసీ గడువు ఇంకా వారం ఉంది కదండీ. ఓసారి ఫోను చేసి ఆ ముక్క చెప్పండి. మనసు మారితే ఉత్తరం వెనక్కి ఇచ్చేయొచ్చు."

చేస్తానన్నాను. ఆ రోజు చేయలేదు, మర్నాడు మరిచిపోయాను, ఆ తర్వాత గుర్తొచ్చినా బద్ధకించాను. వారం ఎంతసేపు.

మరుసటి డిసెంబరులో ఇద్దరూ కలిసి వచ్చారు. ఆవిడ కర్ర పట్టుకుని నడుస్తోంది. కౌంటరు దగ్గరికి వస్తూనే నా చెయ్యి పట్టుకుంది. "ఊళ్ళో అందరికీ పెరిగిందని ఏడుస్తుంటే మా ఇద్దరికీ తగ్గించారటగా! ఎలా చేశారో గానీ మీ చలవేనమ్మా. ప్రతి ఆదివారం ప్రార్థనలో మీ పేరు కూడా చెప్పుకుంటున్నాను."

మా ఇద్దరికీ అంది. నేను ఆయన వైపు చూశాను. ఆయన భార్య భుజం మీదుగా నా వైపు చూసి, కళ్ళతోనే వద్దన్నాడు. ఏడాది గడిచినా చెప్పుకోలేదు మనిషి. పాలసీ కాగితం మీద మొదటి పేజీలో పాలసీదారుగా ఆయన పేరే ఉంటుంది. బీమా ఎవరికి వర్తిస్తుందన్న పట్టిక రెండో పేజీలో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆవిడ మొదటి పేజీ చూసి, కళ్ళకద్దుకుని సంచిలో పెట్టుకుంది.

అప్పుడైనా చెప్పవలసింది. భార్యాభర్తల మధ్య మాట, మనకెందుకని సర్దుకున్నాను. మనకెందుకు అన్న మాట ఎంత సుఖమైనదో ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఇంటికెళ్ళి ఆ పచ్చడి వేసుకుని అన్నం తిన్నాను కూడా.

ఆ తర్వాతి వానాకాలంలో ఒక సోమవారం, పదకొండు గంటలప్పుడు ఆవిడ ఒక్కతే వచ్చింది. చీర కుచ్చెళ్ళ దాకా తడిసి ఉంది. కర్ర ఒక చేతిలో, ప్లాస్టిక్ సంచి ఒక చేతిలో. ముందు రోజు చర్చిలో పాట జరుగుతుండగా ఆయన కూర్చున్నచోటే పక్కకు ఒరిగిపోయాడట. ఏలూరు తీసుకొచ్చి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించారు. గుండె నాళాలు మూడు మూసుకుపోయాయి, బైపాసు చేయాలన్నారు. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడట.

"వాళ్ళు కార్డు చూసి ఆయన పేరు లేదంటున్నారమ్మా" అంది. గొంతులో కంగారు లేదు, కాస్త విసుగు మాత్రం ఉంది. "మీ దగ్గరే ఎక్కడో అచ్చు తప్పు పడుంటుంది. ఆ పేరు కాస్త దిద్ది ఇచ్చేయండి, నేను త్వరగా వెళ్ళాలి." సంచిలోంచి ఇరవయ్యొక్క ఏళ్ళ పాలసీలు తీసి, ఏడాది వరసలో కౌంటరు మీద పేర్చింది.

అవతలి కౌంటరులో కూర్చునే కొత్త కుర్రాడు కంప్యూటరులో చూసి, పాపం వాడికేం తెలుసు, "సారే తీసేయమని లెటర్ ఇచ్చారు కదండీ" అన్నాడు.

"ఏ సారు?"

"మీ వారేనండీ."

బ్రాంచి మేనేజరు గదిలోంచి బయటికి వచ్చారు. ఫైలు తెప్పించారు. ఆవిడ ఉత్తరం చూపించమంది. చూపించక తప్పలేదు. నిలబడే చదివింది. ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చదివే మనిషి, ఒక్కో మాటా పెదాలతో పలుకుతూ చదివింది. చివరి వాక్యం దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"రాత మీది కదమ్మా" అంది. పదేళ్ళుగా వాళ్ళ ఫారాలన్నీ నింపింది నేనే, రాత ఆవిడకు తెలుసు.

"నాదేనండీ."

బ్రాంచి మేనేజరు నా వైపు తిరిగారు. "మేడమ్, పార్టీకి అన్నీ వివరించే తీసుకున్నారు కదా?"

నేను జవాబు చెప్పేలోపు ఆవిడ అడిగింది. "ఈ ఆఖరు మాట. తిరిగి చేర్చరని. ఇది ఆయనకు చదివి వినిపించారా అమ్మా? ఆయనకు కళ్ళజోడు లేకపోతే ఒక్క ముక్క కనపడదు."

నా రిటైర్మెంటుకు అప్పటికి పద్నాలుగు నెలలుంది. లేదు అంటే ఫిర్యాదు, ఫిర్యాదు అంటే విచారణ, విచారణ తేలేదాకా నా పింఛను కాగితాలు కదలవు. ఆ మొత్తం నా బుర్రలో తిరగడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. ప్రీమియం లెక్కల కన్నా వేగంగా తిరిగింది.

"వినిపించానండీ" అన్నాను.

ఆవిడ ఉత్తరాన్ని ఫైలులో తిరిగి పెట్టేసింది. ఇరవయ్యొక్క పాలసీలూ ఒక్కొక్కటే వరస తప్పకుండా సంచిలో పెట్టుకుంది. నేను సాయం చేయబోతే "వద్దులెండమ్మా" అంది. కర్ర తీసుకుని వానలోకి వెళ్ళిపోయింది.

బ్రాంచి మేనేజరు పైఆఫీసుకు ఫోను చేసి అడిగి చూశారు. వాళ్ళు చెప్పే సమాధానం నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు కదా, కాలింది మా చేతులు కాదు కాబట్టి ఆకులు కూడా నింపాదిగానే పట్టుకున్నాం.

పక్క సీటాయన ఆ రోజంతా నా వైపు చూడలేదు. కళ్ళజోడు సంగతి నేనే చెప్పానని ఆయనకు గుర్తే. నోరు విప్పితే నా పని అయిపోయేది. సాయంత్రం రైలుకని సంచి సర్దుకుని, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. "చదివి ఉంటే బాగుండేదండీ" అని, స్టేషనుకు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మేం కలిసి భోజనం చేసిన రోజులు తక్కువ.

పెద్దాయన ఆపరేషను చేయించుకోలేదు. డిపాజిట్టు తీసి చేయిద్దామని ఆవిడ పట్టుబట్టిందట. కూతురూ అల్లుడూ దెందులూరు దగ్గర వ్యవసాయం చేసుకునేవాళ్ళు, ఉన్న అరెకరం అమ్మేస్తామని కాళ్ళావేళ్ళా పడ్డారట. ఆయన దేనికీ ఒప్పుకోలేదు. ఆ డిపాజిట్టు మీదే తను పోయాక ఆవిడ బతకాలన్నాడట. మందులు రాయించుకుని ఇంటికి వెళ్ళిపోయి, నెలన్నర ఉన్నాడు.

సమాధి చేసే రోజున పక్క సీటాయన సెలవు పెట్టి వెళ్ళాడు. నన్ను రమ్మనలేదు. నేనూ వస్తాననలేదు. అక్కడి సంగతి ఆయన నాతో చెప్పింది ఒకటే. దూరం నుంచి బంధువులు వచ్చేదాకా శవాన్ని ఉంచాల్సి వస్తే, ఆయన పనిచేసిన ఫ్యాక్టరీవాళ్ళు తెల్లవారకముందే ఐసు దిమ్మలు బండి మీద పంపారట.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్న కొద్దికాలం నేను మారిన మనిషినే. పేరు తీసేయమని ఎవరొచ్చినా, ఇద్దరూ వస్తేగానీ కాగితం ముట్టుకునేదాన్ని కాదు. రూలు లేదు కదా అని దెబ్బలాడినవాళ్ళున్నారు. ప్రతి ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా పైకి చదివేదాన్ని. "మేడమ్ గారి పారాయణం మొదలైంది" అని పిల్లలు నవ్వేవారు. "ఇంట్లో చెప్పారా అండీ?" అని నేను మొదటిసారి అడిగిన రోజున పక్క సీటాయన తల ఎత్తి చూశాడు. నవ్వలేదు. మీరూ అలాగే అడగండి, అలాగే చదవండి. వెనక క్యూ ఎంత పెరిగినా సరే. క్యూలో ఉన్నవాళ్ళు తిట్టిన తిట్లు ఇంటికి చేరేలోపు మరిచిపోతాం. నేను చెప్పగలిగిన నీతి ఇంతే. దాన్ని నేను కొనుక్కున్న ధర మాత్రం నాది కాదు, ఇంకొకరు కట్టారు.

అక్కడితో ఆపేస్తే ఈ రాత నాకు కొంచెం సుఖంగానే ఉండేది.

ఆయన పోయిన ఏడాదే డిసెంబరు రెండో వారంలో ఆవిడ వచ్చింది. రాదనుకున్నాను. పాలసీ మానేస్తుందనో, కూతురి చేత కట్టిస్తుందనో అనుకున్నాను. కేకు లేదు, పచ్చడి లేదు, తెల్ల చీర కట్టుకుని ఉంది. కుర్రాడి కౌంటరు ఖాళీగా ఉన్నా నా ముందుకే వచ్చి నిలబడింది. పాలసీ తీసి నా ముందు పెట్టింది.

"ఈసారి ఇందులోంచి తీసేయడానికి ఎవరూ లేరు కదమ్మా" అంది. "ఎంతైంది?"

చెప్పాను. కట్టింది. నేను రసీదు కొడుతుంటే కౌంటరు అంచు పట్టుకుని నిలబడి, నెమ్మదిగా, నాకొక్కదానికే వినపడేలా చెప్పింది.

"ఆ రోజు ఇక్కణ్ణుంచి ఆసుపత్రికి వెళ్ళగానే ఆయన్ని అడిగానమ్మా. ఆవిడ చదివి వినిపించిందా, మీరు తెలిసే పెట్టారా సంతకం అని. వినిపించింది, ఒకసారి కాదు రెండుసార్లు వినిపించింది, నేనే వినలేదు అన్నారు. మిమ్మల్ని ఒక్క మాట కూడా అనకూడదని నా దగ్గర మాట తీసుకున్నారు." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "దారి పొడుగునా మిమ్మల్ని అనుమానించాను. చెడ్డ మాటలు కూడా అనుకున్నాను. మనసులో పెట్టుకోకండమ్మా. క్షమించండి."

నా పక్క సీటులో కలం ఆగింది. నేను ఆవిడ మొహంలోకి చూడలేదు. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం మళ్ళీ రాదని తెలుసు. వెనక క్యూ కూడా లేదు.

రసీదు ఇచ్చాను. చిల్లర ఇచ్చాను. "సరిచూసుకోండి" అన్నాను.